ఒత్తు లేని భ

మా అమ్మ పేరులో ఒక 'భ' ఉంది. ఆవిడ దాన్ని ఎప్పుడూ 'బ' అనే రాసేది. మూడో తరగతితోనే బడి మానిపించారట, ఒత్తులు చేతికి పట్టుబడలేదు. గయ యాత్ర గురించి రాద్దామని కూర్చుంటే విష్ణుపాదం కన్నా ముందు ఈ అక్షరమే గుర్తొచ్చింది. దీంతోనే మొదలుపెడతాను.

ఇంటర్ చదవడానికి నన్ను హాస్టల్లో వేశారు. పదహారేళ్ళు నాకు. అమ్మ నెలకో ఇన్లాండ్ లెటర్ రాసేది. 'ఇక్కడ అందరం చేమం, అక్కడ నీ చేమం తెలియపరచగలవు' అని మొదలయ్యేది. గేదె ఈనిన సంగతి, పక్కింటి పిల్ల పెళ్ళి కుదిరిన సంగతి, వాన రాని సంగతి. నీలం కాగితం మడతలన్నీ నిండిపోయాక గమ్ము అంటించే అంచు మీద కూడా రాసేది. నేను చింపేటప్పుడు ఆ అంచు మీది మాటలు సగం పోయేవి.

ఒకసారి ఎర్ర ఇంకు పెన్ను తీసుకుని ఆ ఉత్తరంలో తప్పులన్నీ దిద్దాను. 'చేమం' కొట్టేసి పైన 'క్షేమం' అని రాశాను. సంతకంలో 'బ' కింద ఒత్తు పెట్టాను. దిద్దిన కాగితాన్ని కవర్లో పెట్టి ఆవిడకే పంపాను. వెక్కిరించాలని కాదు, అమ్మకి నేర్పుతున్నాననుకున్నాను.

తర్వాతి ఉత్తరం నాన్న దస్తూరీలో వచ్చింది. చివర్న 'మీ అమ్మ దీవెనలు చెప్పమంది' అని ఒక వాక్యం. ఆ తర్వాత వచ్చినవన్నీ నాన్న రాసినవే.

ఆవిడ ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇంటికి ఫోను వచ్చింది, ఉత్తరాలు ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి, ఆ సంగతి వాటితో పాటే పోయిందనుకున్నాను. చాలా ఏళ్ళకి మా అమ్మాయి పలక పట్టుకొచ్చి 'నాయనమ్మా, నువ్వు రాయి' అంది. అమ్మ బలపం తీసుకోకుండా 'నాకు రాయడం రాదమ్మా' అంది. అదే గదిలో నేను పేపరు చదువుతున్నాను. తల ఎత్తి ఒక్క మాట అనాల్సింది. పేజీ తిప్పాను.

ఆఖరి రోజుల్లో రోజూ ఫోన్ చేసేవాణ్ణి. మాత్రలు వేసుకున్నావా, అన్నం సహించిందా, కరెంటు ఉందా. రోజూ మాట్లాడుకునే ఇద్దరి మధ్య కూడా ఒక మాట అలా ఏళ్ళ తరబడి ఉండిపోగలదు.

నాన్న ముందే పోయారు. అమ్మ సంవత్సరీకాలు అయ్యాక, ఇద్దరికీ గయలో పెట్టి వద్దామంది మా ఆవిడ. గయాసురుడి పాదాలు మన పిఠాపురంలో, నాభి ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, శిరస్సు గయలో అంటారు. పాదగయకి అమ్మ చాలాసార్లు వెళ్ళింది. శిరోగయ మాత్రం చూడలేదు.

కాశీ నుంచి కారులో బయల్దేరాం. రెండువందల యాభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. దారి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. డెహ్రీ దగ్గర శోణ నది వంతెన ఎంతకీ తరగదు. దాని మీద ఉండగా ఆ ఉత్తరం సంగతి మా ఆవిడకి చెబుదామనుకున్నాను. అవతలి ఒడ్డు వచ్చేసింది.

ఫల్గు నదిని చూసి మొదట తికమకపడ్డాను. ఇసుకే తప్ప నీళ్ళుండవని, చేత్తో తవ్వితే చెమ్మ ఊరుతుందని పెద్దలు చెప్పగా విన్నాను. ఇప్పుడు గుడి ఎదుట నిండుగా నీళ్ళున్నాయి. 2022లో రబ్బరు డ్యామ్ కట్టి నీళ్ళు నిలబెట్టారు. ఒడ్డున మా పురోహితుడు సీతమ్మ కథ చెప్పారు. రామలక్ష్మణులు శ్రాద్ధానికి కావలసినవి తేవడానికి వెళ్ళారట. ఈలోగా దశరథుడి చెయ్యి కనిపించి పిండం అడిగింది. చేతిలో ఏమీ లేక సీతమ్మ ఇసుకతోనే పిండం చేసి పెట్టింది. రాముడు వచ్చి నమ్మక సాక్ష్యం అడిగితే, ఫల్గు అబద్ధమాడి శాపం తగిలి ఇసుక కిందకి పోయింది. నిజం చెప్పిన మర్రిచెట్టు అక్షయవటమైంది.

చిన్నప్పటి నుంచీ విన్న కథే. ఈసారి శాపం మీదికి పోలేదు మనసు. తండ్రి ప్రాణం పోయేటప్పుడు రాముడు అడవిలో ఉన్నాడు. మళ్ళీ తండ్రి చెయ్యి చాచినప్పుడూ అక్కడ లేడు. అంతటివాడికే రెండుసార్లు తప్పిపోయింది.

విష్ణుపాద ఆలయం ఇప్పుడున్నది అహల్యాబాయి హోల్కర్ 1787లో కట్టించినది. నల్లరాతి స్తంభాలు, వాటి మధ్య నేల మీద కుటుంబాలు కుటుంబాలుగా కూర్చుని పిండాలు పెడుతున్నారు. అన్ని భాషల్లోనూ గోత్రాలు వినిపిస్తున్నాయి. నా వంతు వచ్చినప్పుడు అమ్మ పేరు పైకి చెప్పాల్సి వచ్చింది. బతికున్నన్నాళ్ళూ ఆవిణ్ణి పేరుతో పిలిచే అవసరం నాకేముంటుంది? నోట్లో తడబడింది. పురోహితుడు మళ్ళీ చెప్పమన్నారు.

తర్వాత మాతృషోడశి. తండ్రికి లేదు, తల్లికే ఇది. పదహారు శ్లోకాలు, పదహారు పిండాలు. ఒక్కో శ్లోకంలో తల్లి మన వల్ల పడ్డ కష్టం ఒకటి చెప్పి, 'తస్య నిష్క్రమణార్థాయ మాతృపిండం దదామ్యహం' అని పిండం పెట్టాలి. ఆ కష్టం తీరడానికి ఇది ఇస్తున్నానని.

'అర్థం తెలిసి పెట్టండి బాబూ' అని ఆయన ఒక్కొక్కటీ తెలుగులో చెప్పారు. కడుపులో నన్ను మోస్తూ ఎగుడుదిగుడు నేల మీద నడిచినందుకు. నెలనెలా పడ్డ అవస్థకి. నొప్పులకి. చేదు కషాయాలు తాగినందుకు. రాత్రిళ్ళు నేను తడిపిన బట్టలోనే పడుకున్నందుకు. నాకు జబ్బు చేస్తే ఏడ్చినందుకు. నా పక్కన ఎవరో పెద్దాయన, డెబ్భై పైబడే ఉంటాయి, తడిపిన బట్ట దగ్గరే ఆగిపోయారు. పిండం చేతిలో పెట్టుకుని కింద పెట్టలేకపోయారు. భుజాలు కదులుతున్నాయి. వాళ్ళబ్బాయి వెనక నుంచి చెయ్యి పట్టుకుని పెట్టించాడు.

నేను లెక్కపెట్టుకుంటూ పెట్టాను. ఆ కష్టాలు చాలావరకు గర్భం నుంచి పసితనం దాకా ఉన్నాయి. ఆ తర్వాత యమద్వారం దారిలో తల్లి పడే దుఃఖం వచ్చింది. నాది ఆ రెండింటి మధ్యా ఎక్కడో ఉంది. పదహారోది పెట్టాక, 'అయ్యా, పెద్దయ్యాక పిల్లలు పెట్టిన కష్టానికి శ్లోకం లేదా?' అని అడిగాను.

'పదహారే బాబూ. ఆ దర్భ సరిచేసుకోండి' అన్నారు.

అక్షయవటం దగ్గర ఒక పండు, ఒక కూర వదిలేయాలంటారు. మా ఆవిడ తనకిష్టమైనవే వదిలింది. నేనూ వదిలాను. మర్రి ఊడల కింద ఆవిడ చెయ్యి పట్టుకుని, ఉత్తరం సంగతి అప్పుడు చెప్పాను. విని, కాసేపాగి, 'అత్తయ్య నాతో ఎప్పుడూ అనలేదు' అంది. అంతే.

చివర్న పండా గారింటికి, అంటే గయలోని తీర్థ పురోహితుడి ఇంటికి, తీసుకెళ్ళారు. పొడుగాటి పద్దుల పుస్తకాలు, వచ్చిన వంశాల పేర్లు వాటిలో తరతరాలుగా రాసుంటాయి. మన జిల్లా పుస్తకం తీసి నా ముందు పెట్టారు. పైన ఎవరెవరి చేతిరాతలో, సిరా వెలిసిపోయి. అక్కడి గుమాస్తా తెలుగు బాగా మాట్లాడతాడు. 'మీ చేత్తోనే రాయండి, మీ పిల్లలొస్తే చూసుకుంటారు' అన్నాడు.

నాన్న పేరు రాశాను, తాతగారి పేరు రాశాను. కింద అమ్మ పేరు. ఉత్తరం చివర ఆవిడ ఎలా రాసేదో గుర్తుచేసుకుని, అలాగే, అక్షరాలు కాస్త విడివిడిగా రాశాను.

గుమాస్తా పుస్తకం తనవైపు తిప్పుకుని చదివాడు. పెన్ను మూత తీస్తూ, 'ఇక్కడ ఒత్తు పడలేదండీ, పెట్టేస్తాను' అన్నాడు.

'వద్దండీ, అలాగే ఉంచండి' అన్నాను. 'అమ్మ అలాగే రాసేది.'