బానెట్ ఎత్తితే బయటపడ్డది

"ఇది బలెనోదే సార్, మీ బండికి గిదే పడతది" అని మెకానిక్ పాత ఎయిర్ ఫిల్టర్ పక్కన కొత్తది పెట్టి చూపించాడు. అచ్చం ఒకటే, ప్లాస్టిక్ అంచు మీది గీతలతో సహా. మా మామ మొహం చూడాలి అప్పుడు!

ఆయనది టయోటా గ్లాంజా. ఎదురింటాయనకు మారుతీ సుజుకీ బలెనో. ఆయన కనపడ్డప్పుడల్లా మామ "మాది జపాన్ బండి" అని మీసం తిప్పేవాడు. సుజుకీది మాత్రం నల్లగొండనా అని ఎవరం అనలేదు, పెద్దమనిషి కదా.

మిర్యాలగూడ రోడ్డు మీద షెడ్డు ముందు చాయ్ తాగుతూ నేనే చెప్పాల్సి వచ్చింది. 2019లో వచ్చినప్పటి నుంచీ గ్లాంజా గుజరాత్‌లో సుజుకీ ఫ్యాక్టరీలోనే తయారై, ముందర టయోటా గుర్తు తగిలించుకుని వస్తుందని, టయోటా రూమియన్ అంటే మారుతీ ఎర్టిగా అని, టయోటా టైసర్ అంటే మారుతీ ఫ్రాంక్స్ అని. అటునుంచి ఇటూ ఉంది, మారుతీ ఇన్విక్టో అంటే బెంగళూరు దగ్గర బిడదిలో టయోటా చేసే ఇన్నోవా హైక్రాసే.

"మరి నేను టయోటానే ఎందుకు కొన్నరా?" అన్నాడు.

అప్పట్లో దీనికి వారంటీ 3 ఏళ్లు, లక్ష కిలోమీటర్లు మామా, బలెనోకి 2 ఏళ్లే అని సర్దిచెప్పాను. అది నిజమే, కానీ ఆయన అది చూసి కొనలేదని ఇద్దరికీ తెలుసు.

ఇంటికొచ్చేసరికి ఎదురింటాయన బండి కడుగుతున్నాడు. మామ గేటు దగ్గర ఆగి, చాలా మర్యాదగా, "ఫిల్టర్ ఎక్కడ కొంటరు మీరు?" అని అడిగాడు.