బ్లాండీలు కుదిరాయి, కానీ ముందు ఆ చక్కెర సంగతి చెప్పాలి

మొన్న ఆదివారం ఇంట్లో ఎవరికి కావాల్సింది వాళ్లకి వేసి బ్లాండీలు చేశాను. సాయంత్రానికి డబ్బా ఖాళీ. బ్లాండీ అంటే కోకో లేని బ్రౌనీ అనుకోండి, చదరపు ముక్కలుగా కోసుకునే ఒత్తైన కేకు. బటర్, బ్రౌన్ షుగర్, గుడ్డు, మైదా, కాస్త వెనిలా, అంతే. బీటర్ అక్కర్లేదు, గరిటె చాలు. ఓవెన్ దగ్గర కూడా నాకే ఇబ్బందీ రాలేదు. నన్ను ఏడిపించింది బ్రౌన్ షుగర్ ఒక్కటే, దాన్ని అమ్మినాయన ఇంకా ఎక్కువ ఏడిపించాడు. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

చక్కెరకి ఇంత గొడవేంటి అనుకోవద్దు. బ్రౌనీలో కోకో ఉంటుంది కాబట్టి ఏ చక్కెర వేసినా రుచి నిలబడుతుంది. బ్లాండీలో అది లేదు, ఆ రుచంతా బ్రౌన్ షుగర్‌లోని మొలాసిస్‌దే, అంటే చెరకు రసంలోంచి చక్కెర తీశాక మిగిలే నల్లటి పాకానిదే. 1896లో అమెరికాలో అచ్చయిన ఒక వంటపుస్తకంలో బ్రౌనీ పేరుతో ఉన్న వంటకంలో చాక్లెటే లేదు, మొలాసిస్ పోసి చేసినదే. మామూలు తెల్ల చక్కెరకి మొలాసిస్ పట్టిస్తే బ్రౌన్ షుగర్ అవుతుంది, లైట్ రకంలో సుమారు 3.5 శాతం, డార్క్ రకంలో 6.5 శాతం. మొలాసిస్ తేమని పట్టి ఉంచుతుంది కాబట్టే బ్లాండీ మధ్యలో మెత్తగా, కొంచెం సాగుతూ ఉంటుంది. అది లేకపోతే మిగిలేది తియ్యటి బిస్కెట్టు.

మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్ వైపు. పల్లీలు, జీడిపప్పు, బటర్ పేపర్ అన్నీ ఒకేసారి తెచ్చుకుందామని మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వెళ్లి, అక్కడ్నుంచి ఆటోలో బేగంబజార్ వెళ్లాను. డ్రైఫ్రూట్స్ అక్కడ బాగుంటాయి, ఆ బజార్ మీద నాకే కోపమూ లేదు. కేక్ సామాన్లు అమ్మే ఒక షాపులో "బ్రౌన్ షుగర్, మెత్తటిది, మొలాసిస్ ఉన్నది" అని స్పష్టంగా అడిగాను. "అదే మేడం" అని గోధుమరంగు ప్యాకెట్ చేతిలో పెట్టాడు. బిల్లు ఇవ్వలేదు.

ఇంటికొచ్చి తూకం వేసి, వంటకంలో ఉన్నట్టే చేశాను. నేను కప్పులతో కొలవను, గ్రాముల్లోనే చేస్తాను, మా అపార్ట్‌మెంట్‌లో పుట్టినరోజు కేకులు నాతోనే చేయించుకుంటారు కాబట్టి ఈ విషయం ధైర్యంగా చెప్తున్నాను. బయటికి తీస్తే పైన పాలిపోయి ఉంది, అంచులు గట్టిపడ్డాయి, లోపల ఇసుక తగిలినట్టు పలుకులు. మా అబ్బాయి సగం తిని ప్లేట్ పక్కన పెట్టేశాడు. అప్పుడు ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివితే ఉన్నది రెండే మాటలు: చక్కెర, రంగు. ఆ రంగు పక్కన 150 అనే నంబరు, అంటే కారమెల్ రంగు. మొలాసిస్ అన్న మాటే లేదు. అసలైన బ్రౌన్ షుగర్ గుప్పెట్లో పిసికితే తడి ఇసుకలా ముద్ద కట్టాలి. ఇది వేళ్ల సందుల్లోంచి జారిపోతోంది.

ప్యాకెట్ పట్టుకుని మళ్లీ వెళ్లాను. షాపు నిండా జనం. నేను మామూలుగానే, గొంతు పెంచకుండా, "ఇందులో మొలాసిస్ లేదండీ, రంగేసిన చక్కెర, మార్చి ఇవ్వండి" అన్నాను. ఆయన ప్యాకెట్ వైపు చూడనైనా లేదు. "షుగర్ షుగరే ఉంటది మేడం, అందరు ఇదే తీస్కపోతరు, ఎవ్వరు తిరిగి తేలే" అన్నాడు. వెనకాల రాసింది చదివి చూపించబోతే, ప్యాకెట్ లాక్కుని పైకెత్తి షాపులో కుర్రాళ్లకి చూపిస్తూ "అరే, మేడంకు తడి చక్కెర కావాల్నంట, జర నీళ్లు చల్లి ఇయ్యుర్రి" అన్నాడు. కుర్రాళ్లు నవ్వారు. పక్కనున్న ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. నా చెవులు వేడెక్కిపోయాయి. అయినా నిలబడి, పోనీ బిల్లు ఇవ్వండి అన్నాను. "కిలో చక్కెరకు బిల్లా? ఫోన్ల వీడియోలు చూసుకుంట ఇంట్ల కేకులు చేస్తరు, రాకపోతే మా సరుకు మీద పడతరు" అని వెనకాల ఉన్నాయన ఆర్డర్ అడగడం మొదలుపెట్టాడు. ఆ వెనకాయన "కొంచెం జరగండమ్మా, మాకు లేటవుతోంది" అన్నాడు. నేను జరిగాను. ప్యాకెట్ కౌంటర్ మీదే వదిలేసి వచ్చేశాను. మెట్రోలో కూర్చున్నాక ఆయనకి చెప్పాల్సిన జవాబులన్నీ గుర్తొచ్చాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఒక్క మాట అడగాలనుంది. ఇంట్లో వండేవాళ్లకి సరుకు గురించి ఏమీ తెలియదని ఎవరు చెప్పారు? హోటల్ వంటవాడు అదే ప్రశ్న అడిగితే కుర్చీ వేసి, టీ తెప్పించి జవాబు చెప్తారు. ఇంట్లో ఆడవాళ్లు అడిగితే నవ్వుతారు. పిల్లల నోట్లో పెట్టేది మేము, అందరికంటే ఎక్కువ అడగాల్సిందే మేము. బ్రౌన్ షుగర్ బదులు రంగు చక్కెర ఇచ్చినవాడు సిగ్గుపడాలి గానీ, చదివి అడిగిన మనిషి ఎందుకు తలదించుకోవాలి?

తర్వాత మా ఆయన చూసి చెప్పారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకు వాపసు తీసుకోనని చెప్పడం రెండూ అక్రమ వ్యాపార పద్ధతుల కిందికే వస్తాయి. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వాపసు తీసుకోవాలి. ఫిర్యాదు చెయ్యడానికి 1915 అనే నంబరు ఉంది. కాబట్టి అలాంటి షాపుల్లో డబ్బులు ఇచ్చే ముందే బిల్లు అడగండి. ఇవ్వనంటే సరుకు అక్కడే పెట్టి వచ్చెయ్యండి, మొహమాటం వద్దు. నేనైతే ఆ షాపు గడప మళ్లీ తొక్కను.

ఇక దారి చూపించింది మా అత్తయ్య. జరిగిందంతా చెప్తుంటే ఆవిడ ఓపిగ్గా విని, "జిగట కావాలంటున్నావు కదమ్మా, అరిసెల బెల్లం ఉండగా ఆ చక్కెర ఎందుకు?" అన్నారు. ఎంత నిజం! అరిసెలకి ఏ బెల్లం పాకం సాగుతుందో వేలితో నొక్కి చెప్పగల మనిషి ఆవిడ. బెల్లంలో మొలాసిస్ తియ్యకుండా అలాగే ఉంటుంది, తేమా ఉంటుంది. డబ్బాలోంచి నల్లటి ఉండబెల్లం తీసి ఇచ్చారు. నల్లటిదే తీసుకోండి. పసుపుపచ్చగా నిగనిగలాడేలా హైడ్రోస్ అనే రసాయనం కలిపేవాళ్లున్నారు, పైగా అందులో ఈ లోతైన రుచి ఉండదు.

అయితే మొత్తం బెల్లమే వేస్తే పిండి జారుగా అయిపోతుంది, బెల్లం వాసన మిగతా అన్నిటినీ మింగేస్తుంది. సగం సగం బాగుంది. ఎనిమిదంగుళాల చదరం ట్రేకి సన్నగా తురిమిన బెల్లం 100 గ్రాములు, మామూలు చక్కెర 90 గ్రాములు, బటర్ 135 గ్రాములు, ఒక గుడ్డు, ఇంకో పచ్చసొన, మైదా 130 గ్రాములు, వెనిలా చెంచాడు, వంటసోడా చిటికెడు. బెల్లానికి కొద్దిగా పులుపు గుణం ఉంటుంది కాబట్టి సోడా పనిచేస్తుంది. అమూల్ బటర్ వాడితే ఉప్పు వెయ్యకండి, అందులో ఉంది. బటర్‌ని నురగ తగ్గి, అడుగున పాలపదార్థం గోధుమరంగుకి తిరిగి, నెయ్యి కాచిన వాసన వచ్చేదాకా సన్న సెగ మీద ఉంచాలి. బటర్‌లో కొవ్వు 80 శాతమే, మిగిలినదాంట్లో చాలావరకు నీళ్లే, అది ఆవిరైపోతుంది కాబట్టి ముందే కాస్త ఎక్కువ తీసుకున్నాను. అడుగున మిగిలిన ఆ గోధుమరంగు మడ్డి పారెయ్యకండి, రుచి దాంట్లోనే ఉంది. గోరువెచ్చగా ఉన్నప్పుడే బెల్లం తురుమూ చక్కెరా వేసి ఉండలు లేకుండా కలిపి, పూర్తిగా చల్లారాక గుడ్డు. మైదా వేశాక తెల్లగా కనపడకుండా పోగానే ఆపెయ్యాలి, ఎక్కువ కలిపితే గట్టిపడుతుంది.

ఇంట్లో ఒక్కరి రుచి ఇంకొకరికి పడదు. అందుకే పిండిని గిన్నెల్లోకి పంచి, ట్రేలో ఫాయిల్ మడతలు అడ్డం పెట్టి నాలుగు గదులు చేశాను. మామయ్యకి పలాస జీడిపప్పు, ముందే నేతిలో దోరగా వేయించి. పచ్చిది వేస్తే లోపల మెత్తబడి చప్పగా ఉంటుంది, ఏ గింజలైనా వేయించాకే వెయ్యండి. మా ఆయనకి ఉస్మానియా బిస్కెట్ ముక్కలు, వేడినీళ్లలో కరిగించిన కొద్దిపాటి ఇన్‌స్టంట్ కాఫీ. ఆ బిస్కెట్లోని ఉప్పదనం బెల్లానికి ఎంత బాగా కుదిరిందో చెప్పలేను, ఇది నా సొంత ఆలోచన, ఎవరైనా చేసుకోవచ్చు. అబ్బాయికి వేయించిన పల్లీలు, వైట్ చాక్లెట్. ఆ వైట్ చాక్లెట్ కూడా వెనక చదివే కొనండి, కోకో బటర్ అని ఉండాలి, వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అది అసలు చాక్లెట్ కాదు, కాంపౌండ్ అంటారు, నాలుకకి జిడ్డు పట్టుకుంటుంది. అమ్మాయికి గోదావరి జిల్లా నుంచి వచ్చిన మామిడి తాండ్ర. తాండ్ర ముక్కలు పిండి లోపలికి నొక్కెయ్యాలి, పైన ఉంటే ఓవెన్ వేడికి తోలులా గట్టిపడతాయి. పచ్చి పండ్ల ముక్కల జోలికి మాత్రం వెళ్లకండి, నీరొదిలి అడుగు పచ్చిగా ఉండిపోతుంది. పిండిలో వేసే ఈ గింజలూ ముక్కలూ అన్నీ కలిపి 150 గ్రాములు దాటితే కోసేటప్పుడు విడిపోతుంది.

అత్తయ్య గుడ్డు తినరు. ఆవిడకి విడిగా చిన్న బ్రెడ్ టిన్నులో, గుడ్డు బదులు 60 గ్రాముల గట్టి పెరుగు, నువ్వులు, యాలకుల పొడి వేసి చేశాను. కొంచెం కేకులా పొంగింది, కానీ నువ్వుల వాసనతో ఇల్లంతా నిండిపోయింది.

175 డిగ్రీల దగ్గర పాతిక నిమిషాల పైమాట, కానీ బెల్లం తొందరగా రంగు తిరుగుతుంది కాబట్టి ఇరవై నిమిషాలు దాటగానే చూస్తూ ఉండాలి. అంచులు గట్టిపడి, మధ్యలో పుల్ల గుచ్చితే తడి పలుకులు అంటుకోవాలి, పిండి అంటుకోకూడదు. పూర్తిగా చల్లారేదాకా కత్తి పెట్టొద్దు. మా పిల్లల్ని ఆపడం కష్టమైంది, ఆపాను.

మా ఆయన తన గదిలోవి తిని మామయ్య వాటా మీద చెయ్యి వేశారు. అత్తయ్య తన టిన్ను గదిలోకి తీసుకెళ్లి, మర్నాడు పొద్దున కాఫీతో ఒక ముక్క తిని, "సంక్రాంతికి అరిసెలతో పాటు ఇవీ చెయ్యి" అన్నారు. నలభై ఏళ్లుగా అరిసెలు వండుతున్న మనిషి నోటివెంట ఆ మాట రావడం నాకు పెద్ద బిరుదే. ఉప్పల్‌లో ఉండే మా ఆడపడుచు ఈ వారం వస్తోంది, వాళ్లబ్బాయికి ఖర్జూరం వేసి కావాలట. బెల్లం తురిమి పెట్టాను.