పొయ్యి కట్టెలకి చైన్ సా కొంటున్నారా? బార్ పొడవు చూసి కొనకండి

చైన్ సా కొందామనుకునేవాళ్లు మొదట అడిగేది బార్, అంటే చైన్ చుట్టూ తిరిగే ఆ పొడుగాటి పట్టీ, ఎన్ని అంగుళాలని. తర్వాత ఇంజిన్ ఎన్ని సీసీ అని. చైన్ గురించి అడిగేవాళ్లు తక్కువ, దాని పదును పోతే మా ఒడిశా వైపు పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఎవరు పెడతారు, అరిగిపోతే కొత్తది ఎక్కడ దొరుకుతుంది అని అడిగేవాళ్లు ఇంకా తక్కువ. నన్నడిగితే ఈ వరస మొత్తం తిరగెయ్యాలి.

మా వైపు ఈ మిషన్ మాట ఊరూరా వినిపించింది తిత్లీ తుపాను తర్వాతే. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి, అటు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టి, ఇటు గజపతి జిల్లా మీదకి వచ్చింది. దారులకి అడ్డంగా పడ్డ చెట్లని గొడ్డళ్లతో ఎంతమంది ఎన్నాళ్లు కొడతారు? పెద్ద బార్ మిషన్లు వాటిని ముక్కలు చేస్తుంటే అందరం చూశాం, చైన్ సా అంటే అంత పొడుగు ఉండాలని అప్పుడే మనసులో పడిపోయింది. కానీ రోడ్డు మీద పడ్డ చింతచెట్టుని కోయడం వేరు, ఇంటి పొయ్యికి ఏడాదికి సరిపడా కట్టెలు కోసుకోవడం వేరు.

మనం పొయ్యిలో పెట్టేవి ఏంటి? సరుగుడు, నీలగిరి, తోటలో ఎండిన జీడి కొమ్మలు, అప్పుడప్పుడు మామిడి. మణికట్టు లావు నుంచి తొడ లావు దాకా, అంతకు మించితే అరుదు. 16 అంగుళాల బార్ అంటే 40 సెంటీమీటర్లు. కోతకి పూర్తిగా అంత రాదు, కొంచెం తగ్గుతుంది, అయినా తొడ లావు దుంగ ఒక్క కోతతో తెగిపోతుంది. అంతకన్నా లావుది వస్తే ఒకవైపు నుంచి సగం కోసి, దొర్లించి రెండోవైపు నుంచి కోసుకోవచ్చు. మా బావమరిది ఫోన్‌లో "ఏటి బావా, 22 అంగుళాలది తీసుకుంటే ఏ చెట్టయినా కోసీయొచ్చు కదేటి" అన్నాడు. కోయొచ్చు, కాదనను. కానీ ఆ ఒక్క చెట్టు కోసం మిగతా ఏడాదంతా ఆ బరువు మోయాలి. వంగి నేల మీద కొమ్మలు కోస్తుంటే గంటకే నడుము పట్టేస్తుంది, చేతులు అలిసిపోయాక పొడుగు బార్ కొస ఎక్కడ తగులుతుందో చూసుకోవడం కష్టం. ప్రమాదం వచ్చేది ఆ కొస దగ్గరే.

అది ఎలాగో చెప్తాను. బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే చైన్ అక్కడ ఇరుక్కుని మొత్తం మిషన్ని పైకి, మన ముఖం మీదకి విసురుతుంది. రెప్పపాటులో అయిపోతుంది, ఆపుదామనుకునే టైమ్ ఉండదు. ముందు హ్యాండిల్ దగ్గర గార్డులా కనిపించే చైన్ బ్రేక్ ఉన్నది అందుకే. అది లేని మిషన్ ఎంత చవకైనా వద్దు. ఉన్నా, షాపులోనే స్టార్ట్ చేయించి, దాన్ని ముందుకి నెడితే చైన్ టక్కున ఆగుతుందో లేదో కళ్లారా చూడండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఈ పని చేసి చూపించేవాళ్లు ఉండరు.

ఇంజిన్ విషయం ఎక్కువ లేదు. ఇంటి కట్టెలకి 30 నుంచి 45 సీసీ సరిపోతుంది. స్టిల్, హస్క్‌వర్నా లాంటి కంపెనీల మిషన్లలో ఈ సైజువి బార్, చైన్ లేకుండా నాలుగు నుంచి అయిదు కిలోల మధ్య ఉంటాయి. బజారులో పేరు లేని 58 సీసీ మిషన్లు చాలా చవకగా వస్తాయి, వాటితో బతుకుతెరువు నడుపుకునేవాళ్లూ ఉన్నారు, రిపేరు సొంతంగా చేసుకోగలిగితే తప్పు లేదు. చేసుకోలేనివాళ్లు మాత్రం విడిభాగాలు పెట్టుకునే షాపు దగ్గరలో ఏ కంపెనీకి ఉందో ఆ కంపెనీదే కొనాలి, పక్క కంపెనీది కాస్త మెరుగైనా సరే. కరెంటు మిషన్ ఇంటి పెరట్లో బాగానే పనిచేస్తుంది, కానీ 2000 వాట్లు లాగేదానికి సన్న వైరు, ఊళ్లో లో వోల్టేజీ తోడైతే మోటారు వేడెక్కి పోతుంది. బ్యాటరీతో నడిచే చిన్న చేతి రంపాలు కొమ్మలకే.

అసలు సంగతి చైన్. పదునైన చైన్ ఉన్న చిన్న మిషన్, మొద్దు చైన్ ఉన్న పెద్ద మిషన్ కన్నా ముందు పని ముగిస్తుంది. రాలేది చూస్తే తెలిసిపోతుంది: పదునుంటే చెక్క పేళ్లలా పడుతుంది, పదును పోతే పొడి పడుతుంది, మిషన్ దానంతటది దిగకుండా మనం నొక్కాల్సి వస్తుంది. ఆ పొడి కనిపించాక కూడా నొక్కి కోస్తే బార్ వేడెక్కుతుంది, చైన్ సాగుతుంది, ఇంజిన్ పాడవుతుంది.

పదును పెట్టడం నేర్చుకోవాలి, తప్పదు. గుండ్రటి ఆకురాయి కావాలి, సైజు చైన్‌ని బట్టి మారుతుంది. చిన్న మిషన్లకి వచ్చే లో ప్రొఫైల్ (పళ్లు కాస్త పొట్టిగా ఉండే) చైన్‌కి 4 మిల్లీమీటర్లది, పాయింట్ 325 (లింకుల కొలత 0.325 అంగుళం) చైన్‌కి 4.8ది. బార్‌ని కదలకుండా బిగించి, పన్ను లోపలి నుంచి బయటికి, పంటి మీద గీసి ఉన్న గీత వాలులో, ముందుకి మాత్రమే తొయ్యాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తెయ్యాలి. ఒక పంటికి మూడు తోపులైతే అన్నిటికీ మూడే. ఒకవైపు పళ్లన్నీ అయ్యాక రెండోవైపువి. ఎక్కువ తక్కువలు చేస్తే కోత నిటారుగా దిగదు, వంకరగా ఒకవైపుకి లాగుతుంది. పొడుగు బార్ వద్దనడానికి ఇదీ ఒక కారణం: 16 అంగుళాల చైన్‌లో రకాన్ని బట్టి 28 నుంచి 33 దాకా పళ్లుంటాయి, 22 అంగుళాలదానిలో 40 దాటొచ్చు. అన్ని పళ్లకీ ప్రతిసారీ ఓపికగా పదును ఎవరు పెడతారు? పెట్టరు, మొద్దు చైన్‌తోనే కానిస్తారు.

పదును పోవడానికి కర్ర గట్టిదనం కన్నా మట్టే పెద్ద కారణం. దుంగల్ని నేల మీద ఈడ్చుకొస్తాం, బెరడులో ఇసుక ఇరుక్కుంటుంది. చైన్ ఒక్కసారి నేలని తాకిందంటే పొద్దున్న పెట్టిన పదును పోయినట్టే. పెరట్లో కర్రల్ని జతలు జతలుగా కత్తెరలా పాతి, కట్టుకుని, దుంగని వాటి మీద పెట్టి కోస్తే సగం గొడవ తగ్గుతుంది, నడుమూ నిలబడుతుంది. సరుగుడు పచ్చిగా ఉన్నప్పుడే ముక్కలు కోసి, చీల్చి, ఎండబెట్టుకోండి. ఎండిపోయాక అది రాయిలా బిగుస్తుంది.

పెట్రోల్‌లో టూ స్ట్రోక్ ఆయిల్ కలపడం కంపెనీ పుస్తకంలో ఉన్న లెక్కనే చెయ్యండి. లీటరుకి 20 మిల్లీలీటర్లు చెప్పేవి ఉన్నాయి, 40 చెప్పేవీ ఉన్నాయి, పక్కింటాయన చెప్పిన లెక్క మన మిషన్‌కి పనికిరాకపోవచ్చు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపిన పెట్రోల్, తేమ పీల్చుకుంటుంది, కాబట్టి కలిపింది నెలకి మించి ఉంచకండి, మిషన్ పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి అదే ఆగిపోయేదాకా నడపండి. బార్, చైన్ అరగకుండా వేసే బార్ ఆయిల్‌ది వేరే ట్యాంకు. పెట్రోల్ పోసిన ప్రతిసారీ అదీ నింపండి. ఆయిల్ వస్తోందో లేదో తెలియాలంటే బార్ కొసని తెల్లటి అట్టకి కొంచెం దూరంగా పట్టి రేజ్ చెయ్యండి, సన్నటి నూనె గీత పడాలి.

లుంగీ, హవాయి చెప్పులతో కోసేవాళ్లని మా ఊళ్లలో రోజూ చూస్తున్నాను, చూసినప్పుడల్లా గుండె గుబేలుమంటుంది. దళసరి ప్యాంటు, బూట్లు, కళ్లద్దాలు, చెవుల్లో దూది కాదు, అసలైన ఇయర్ ప్లగ్స్. పెద్ద బార్ మీద పెట్టే డబ్బు వీటికి, ఇంకో చైన్‌కి, ఆకురాయికి సరిపోతుంది. ఎప్పుడైనా నిజంగానే పెద్ద మొద్దు కోయాల్సి వస్తే ఆ పూటకి పెద్ద మిషన్ ఉన్నవాళ్లని కూలికి పిలవండి.

సొంత తోటలో చెట్టయినా కొట్టే ముందు ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో ఒక మాట అడగండి. ముఖ్యంగా కర్ర బండెక్కి ఊరు దాటుతుందంటే, అందులోనూ బోర్డర్ దాటి ఆంధ్రాలోని పాతపట్నం వైపు పోతుందంటే, కాగితం చేతిలో పెట్టుకునే బయల్దేరండి.