అనమార్ఫిక్ కావాలంటే ముందు వైడ్ అడాప్టర్ చేయండి

నా మొదటి అనమార్ఫిక్ అడాప్టర్ (కెమెరా లెన్స్ ముందు బిగిస్తే వెడల్పాటి దృశ్యాన్ని అడ్డంగా నొక్కి రికార్డు చేయించే ముక్క) మీద మూడు నెలలు పోయాయి. రెండు సిలిండర్ లెన్సులు, ఒక పీవీసీ గొట్టం, కెమెరాకి బిగించడానికి రెండు ఫిల్టర్ రింగులు, అంతే సామాను. కానీ బొమ్మ మాత్రం ఎంత తిప్పినా తడి గుడ్డతో అలికినట్టే ఉండేది. లెన్సుల మధ్య ఎడం తప్పా, ఒకదానికొకటి వంకరగా కూర్చున్నాయా, లెన్సుల నాణ్యతే అంతా, లేక కెమెరా ఫోకస్ తప్పా అన్నది తేలలేదు. నాలుగూ ఒకేసారి తప్పుగా ఉంటే ఏ ఒక్కటి సరిచేసినా బొమ్మ బాగుపడదు, బాగుపడకపోతే మనం సరిచేసినదాన్నే మళ్లీ చెడగొడతాం. చివరికి దాన్ని పక్కన పెట్టేసి మామూలు వైడ్ యాంగిల్ అడాప్టర్ ఒకటి చేశాను. అది ఒక్క ఆదివారంలో అయిపోయింది. అది చేస్తున్నప్పుడే అర్థమైంది, ఈ రెండూ ఒకటే వస్తువు అని.

చిన్నప్పుడు బైనాక్యులర్‌ని తిరగేసి చూసే ఉంటారు. అన్నీ చిన్నవిగా, దూరంగా, ఎక్కువ మేర కనిపిస్తాయి. వైడ్ అడాప్టర్ అదే. గెలీలియో వాడిన రకం టెలిస్కోపులో ముందు ప్లస్ లెన్స్ (మధ్యలో మందంగా ఉండేది), కంటి దగ్గర మైనస్ లెన్స్ (మధ్యలో పల్చగా ఉండేది) ఉంటాయి. దాన్ని తిరగేస్తే మైనస్ ముందుకి, ప్లస్ కెమెరా వైపుకి వస్తాయి. ఈ రెండు లెన్సులూ మామూలు గుండ్రటి వంపు ఉన్నవైతే దృశ్యం అన్ని వైపులా విశాలమవుతుంది. ఆ వంపు ఒక్క దిశలోనే ఉంటే, అంటే సిలిండర్ లెన్సులైతే, అడ్డంగా మాత్రమే విశాలమవుతుంది, నిలువు కొలత మారదు. మనుషులు సన్నగా పొడుగ్గా రికార్డవుతారు, తర్వాత కంప్యూటర్లో అడ్డంగా సాగదీస్తే మామూలుగా అవుతారు. ఫ్రాన్స్‌కి చెందిన ఖగోళ శాస్త్రవేత్త ఆన్రీ క్రెతియాఁ 1920లలో హైపర్‌గోనార్ పేరుతో చేసింది ఇదే. దాన్నే ట్వెంటీయత్ సెంచురీ ఫాక్స్ తీసుకుని 1953లో సినిమాస్కోప్‌గా తెచ్చింది. అందులో బొమ్మని రెండింతలు నొక్కేవాళ్లు.

కాబట్టి వైడ్ చేయడం వచ్చిన వాళ్లకి అనమార్ఫిక్‌లో కొత్తగా నేర్చుకోవాల్సింది ఒకటిన్నర విషయం. అవి తర్వాత చెబుతాను.

ముందు వైడ్. కళ్లజోడు లెన్సులతో మొదలుపెట్టండి, వాటి పవర్ డయాప్టర్లలోనే చెబుతారు కాబట్టి లెక్క సులువు. 1000ని పవర్‌తో భాగిస్తే నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) మిల్లీమీటర్లలో వస్తుంది. మైనస్ 8 లెన్స్ అంటే మైనస్ 125 మిల్లీమీటర్లు. ప్లస్ 6 అంటే 167. ఈ రెంటి నిష్పత్తి 0.75, మీ అడాప్టర్ బొమ్మని అన్ని రెట్లకి తగ్గిస్తుంది. 50 మిల్లీమీటర్ల లెన్స్ ముందు పెడితే 37.5 మిల్లీమీటర్ల లెన్సులా చూస్తుంది. ఇక రెండు లెన్సుల మధ్య ఎడం ఎంతంటే, రెండు నాభ్యంతరాల తేడా, 167 లోంచి 125 తీసేస్తే 42 మిల్లీమీటర్లు. మొత్తం సిద్ధాంతం ఇంతే, నిజంగా ఇంతే. ప్లస్ 6 విడిగా దొరక్కపోతే ఫొటోగ్రఫీ వాళ్లు వాడే క్లోజప్ ఫిల్టర్లు ప్లస్ 2, ప్లస్ 4 కలిపి బిగించండి, అవి ఎలాగూ ఫిల్టర్ రింగులోనే వస్తాయి కాబట్టి సగం పని తగ్గుతుంది.

మైనస్ లెన్స్‌ని కోయించకుండా గుండ్రంగానే అడగండి. 65, 70 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటే మంచిది, ఎందుకంటే ముందు లెన్స్ చిన్నదైతే బొమ్మ మూలలు నల్లబడతాయి, ఆ నలుపుని తర్వాత ఎడిటింగ్‌లో ఏమీ చేయలేం. దాన్ని కళ్లజోడులో ఉన్నట్టే పెట్టాలి: ఉబ్బు వైపు లోకానికి, లోతు వైపు కెమెరాకి. నేను మొదట తిప్పి పెట్టాను, మధ్యలో బాగానే ఉంది గానీ అంచులు ఘోరంగా చెదిరిపోయాయి.

లెన్స్ ఏ పదార్థంతో చేశారన్నది మాత్రం తప్పకుండా అడగండి. పాలీకార్బొనేట్ సులువుగా పగలదు, తేలిక, పిల్లల కళ్లజోళ్లకి మంచిదే, కానీ మన పనికి పనికిరాదు. దాని అబే సంఖ్య 30 దగ్గర ఉంటుంది, మామూలు సీఆర్-39 ప్లాస్టిక్‌ది 58 దగ్గర. ఈ సంఖ్య ఎంత తక్కువైతే రంగులు అంత ఎక్కువగా విడిపోతాయి, తెల్ల గోడ అంచున ఊదా, ఆకుపచ్చ గీతలు కనిపిస్తాయి. అందుకే పాత రకం, చవక రకం లెన్సే మనకి మేలు. ప్లస్ వైపు రెండు గాజులు అతికించిన అక్రోమాట్ క్లోజప్ లెన్స్ దొరికితే ఇంకా బాగుంటుంది, రెంటి మధ్య తేడా మొదటి ఫొటోలోనే కనిపిస్తుంది.

ఎడం సరిచూసే పద్ధతి ఒకటే. అడాప్టర్ లేకుండా కెమెరా లెన్స్‌ని బాగా దూరంలో ఉన్న దీపం మీద ఫోకస్ చేసి, ఫోకస్ రింగు కదలకుండా టేప్ వేయండి. తర్వాత అడాప్టర్ పెట్టి, ఒక గొట్టంలోకి ఇంకో గొట్టాన్ని జరుపుతూ ఆ దీపం మళ్లీ చుక్కలా వచ్చేదాకా చూడండి. వచ్చిందా, అక్కడ గీత గీసుకోండి. లెక్కలో వచ్చిన 42కి రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ తేడా వస్తుంది, లెన్సులకి మందం ఉంటుంది కదా. వైడ్‌లో ఎడం కాస్త తప్పినా కెమెరా ఫోకస్ తిప్పి సర్దుకోవచ్చు. అనమార్ఫిక్‌లో ఆ వెసులుబాటు లేదు, నా మూడు నెలలు పోయింది అక్కడే.

కెమెరా లెన్స్ అపర్చర్‌ని (వెలుగు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/4 కంటే తెరిచి వాడకండి. ఎఫ్/5.6 దగ్గర ఈ అడాప్టర్ నిజంగా మంచి బొమ్మ ఇస్తుంది. గోడల అంచులు, తలుపులు కొంచెం బయటికి ఉబ్బుతాయి, అది ఉంటుంది.

ఇక సిలిండర్లు. కళ్లజోళ్ల షాపులో సిలిండర్ పవర్ అనే మాట రోజూ వినపడేదే, ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకి రాసేది అదే. నేను ఎంచుకున్నది మైనస్ 6, ప్లస్ 4.5. నాభ్యంతరాలు మైనస్ 167, ప్లస్ 222, నిష్పత్తి (ఈసారి పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే) 1.33, ఎడం సుమారు 55 మిల్లీమీటర్లు. ఈ 1.33 ఊరికే ఎంచుకోలేదు. ఇప్పటి వీడియో 16:9, అంటే 1.78. దాన్ని 1.33తో గుణిస్తే 2.37, స్కోప్, అంటే వెడల్పాటి సినిమా తెర నిష్పత్తికి దాదాపు సరిగ్గా వస్తుంది. రెండింతలు నొక్కే పాత ప్రొజెక్టర్ లెన్స్‌ని 16:9 మీద పెడితే 3.56 వస్తుంది, రిబ్బన్‌లా ఉంటుంది, రెండు పక్కలా కోసేయాలి.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఆప్టికల్ షాపుల్లో సిలిండర్‌ని సాధారణంగా మైనస్‌లోనే రాస్తారు. మైనస్ 6 సులువు: స్ఫియర్ (అన్ని దిశల్లో ఒకేలా ఉండే పవర్) సున్నా, సిలిండర్ మైనస్ 6. కానీ ప్లస్ 4.5 సిలిండర్ కావాలంటే స్ఫియర్ ప్లస్ 4.5, సిలిండర్ మైనస్ 4.5 అని రాయించాలి. ఒక దిశలో రెండూ కొట్టేసుకుని సున్నా అవుతుంది, రెండో దిశలో ప్లస్ 4.5 మిగులుతుంది. యాక్సిస్ అంకె (సిలిండర్ ఏ కోణంలో ఉండాలో చెప్పేది) కూడా మారుతుంది: రెండు లెన్సులూ అడ్డంగానే పని చేయాలంటే మొదటిదానికి 90, రెండోదానికి 180 రాయాలి. రెంటికీ 90 రాయించి, ఆ గుర్తులు చూసి బిగిస్తే ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా పని చేస్తుంది. గుండ్రటి లెన్సులే కాబట్టి తిప్పుకుని సరిచేయవచ్చు, కానీ ఆ సంగతి తెలియాలి కదా!

ఇప్పుడు ఆ కొత్త విషయం, సిలిండర్లు ఒకదానికొకటి సమాంతరంగా ఉండటం. వైడ్‌లో లెన్స్‌ని ఎటు తిప్పినా ఒకటే, ఇక్కడ ఒక్క డిగ్రీ తప్పినా బొమ్మ మెత్తబడుతుంది, చతురస్రాలు పక్కకి వాలిపోతాయి. ముందు దారానికి ఒక బరువైన నట్టు కట్టి వేలాడదీసి, దాన్ని అడాప్టర్ గుండా కంటితో చూస్తూ ముందు లెన్స్‌ని మెల్లగా తిప్పండి. దారం వాలకుండా నిలువుగా కనిపించే చోట ఆపితే చాలావరకు దగ్గరికి వచ్చినట్టే. అక్కడినుంచి మిగిలిన పని దూరపు దీపంతో. దీపం చుక్క అడ్డంగా సాగితే ఎడం తప్పు. ఏటవాలుగా, మూల నుంచి మూలకి సాగితే తిప్పిన కోణం తప్పు. ఈ రెండు వాక్యాలు నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఈ పోస్ట్ రాసే అవసరమే ఉండేది కాదు. ఒకేసారి రెండూ సరిచేయకండి, ముందు ఏటవాలు పోగొట్టి తర్వాత ఎడం చూడండి.

మిగిలిన ఆ సగం విషయం దగ్గరి వస్తువులు, వాటితోనే అసలు టెన్షన్. కెమెరా లెన్స్‌కి నిలువు దిశలో మనిషి ఎంత దూరంలో ఉంటే అంత దూరంలోనే కనిపిస్తాడు. అడ్డ దిశలో మాత్రం అడాప్టర్ గుండా చూస్తోంది కాబట్టి దూరం పెరిగినట్టుంటుంది, సుమారుగా నొక్కిన నిష్పత్తి వర్గం (1.33 × 1.33) రెట్లు. 2 మీటర్ల దగ్గర ఉన్న మనిషి అడ్డ దిశలో 3.6 మీటర్ల దగ్గర ఉన్నట్టు లెక్క తేలింది. ఒకే మొహానికి రెండు దూరాలు! నిలువు గీతలకి ఫోకస్ చేస్తే అడ్డ గీతలు పోతాయి, వాటికి చేస్తే ఇవి పోతాయి. ఎడాన్ని 55 నుంచి సుమారు 47 మిల్లీమీటర్లకి తగ్గిస్తే రెండూ కలుస్తాయి, కానీ అప్పుడు నొక్కే నిష్పత్తి 1.33 నుంచి 1.27కి పడిపోతుంది. అదే 1.33తో సాగదీస్తే మొహం లావవుతుంది. తొలినాటి సినిమాస్కోప్ క్లోజప్‌లలో ఇదే జరిగేది, దానికి గవదబిళ్లలు అని పేరు కూడా పెట్టారు. సినిమా లెన్సుల కంపెనీ పానావిజన్ పెట్టిన రాబర్ట్ గాట్‌షాక్ బృందం ఎదురెదురుగా తిరిగే అదనపు సిలిండర్లతో దాన్ని సరిచేసింది. ఇంట్లో అంత యంత్రాంగం మన వల్ల కాదు, అవసరమూ లేదు. ఎడాన్ని, కెమెరా ఫోకస్‌ని దూరానికే వదిలేసి, అన్నిటికంటే ముందు ఒక బలహీనమైన క్లోజప్ లెన్స్ తగిలించండి. ప్లస్ అర అయితే 2 మీటర్ల దగ్గరి మనిషి, ప్లస్ 1 అయితే ఒక మీటరు దగ్గరి మనిషి స్పష్టంగా వస్తారు, నిష్పత్తి కూడా చెడదు. ఫోకస్ మార్చాలంటే లెన్స్ మార్చాలి, అదొక్కటే ఇబ్బంది.

కొన్ని చిన్న సంగతులు, నాకు అనుభవమైన వరుసలో. కెమెరా లెన్స్ ముందు భాగం ఫోకస్ చేసేటప్పుడు తిరిగే రకమైతే వాడకండి, ఫోకస్‌తో పాటు మీ సిలిండర్లూ తిరుగుతాయి. సూపర్ గ్లూ దగ్గరికి రానివ్వకండి. నేను దానితో లెన్స్ అతికించి గొట్టం మూసి పడుకున్నాను, తెల్లారేసరికి లెన్స్ లోపలి వైపంతా తెల్లటి పొర, ఆ జిగురు ఆవిరే గాజు మీద పేరుకుంటుంది. ఇప్పుడు చుట్టూ మూడు చిన్న నైలాన్ స్క్రూలతో పట్టిస్తున్నాను, వాటివల్ల లెన్స్‌ని కొంచెం కొంచెంగా తిప్పి సర్దడం కూడా కుదురుతుంది. గొట్టం లోపల నల్ల పెయింట్ చాలదు, పక్క నుంచి వెలుగు పడితే మెరుస్తుంది, నల్ల వెల్వెట్ కాగితం అంటించండి. బరువంతా కెమెరా లెన్స్ మర మీద వేలాడకుండా కింద ఏదైనా ఆధారం పెట్టండి. నిజంగా ఎంత నొక్కుతోందో తెలుసుకోవాలంటే ఒక గుండ్రటి పళ్లేన్ని ఎదురుగా పెట్టి తీసి, బొమ్మలో దాని ఎత్తుని వెడల్పుతో భాగించండి, ఆ వచ్చిన అంకెతోనే సాగదీయండి, లెక్కలో వచ్చినదానితో కాదు.

మరో దారి ప్రిజమ్‌లు. రెండు గాజు ప్రిజమ్‌లని, లేదా ద్రవం నింపిన గాజు పెట్టెలని, కోణంలో నిలబెడితే కూడా బొమ్మ ఒక దిశలో నొక్కుకుంటుంది. హోమ్ థియేటర్ ప్రొజెక్టర్ల ముందు అలా చేసి పెట్టుకునేవాళ్లున్నారు. కెమెరాకి అది పెద్దది, కారుతుందేమోనన్న భయం వేరే, నేను ఆ వైపు వెళ్లలేదు.

లెన్స్ ముందు నిలువుగా ఒక నైలాన్ దారం లాగి కట్టి, అడ్డంగా పొడుగాటి వెలుగు గీత తెప్పించే పద్ధతి కూడా మీకు తెలిసే ఉంటుంది. గుడ్డు ఆకారంలో కోసిన అట్ట పెట్టి వెనక దీపాలని నిలువు గుడ్లలా చేయడం ఇంకొకటి. రెండూ పని చేస్తాయి, వాడితే తప్పేమీ లేదు. కానీ నాకు అనమార్ఫిక్ నచ్చేది ఆ గీత వల్ల కాదు. 50 మిల్లీమీటర్ల లెన్స్ నిలువుగా 50 లాగే చూస్తూ అడ్డంగా 37.5లా చూస్తుంది. మనిషి మొహం దగ్గరగానే ఉంటుంది, అతని చుట్టూ గది కూడా ఉంటుంది. ఆ రెండూ ఒకే ఫ్రేములో దొరకడం దారంతో వచ్చేది కాదు, అందుకే ఇంత కష్టపడాలనిపిస్తుంది.

ఇప్పుడు క్లోజప్ లెన్సులు మార్చే పని తప్పించే ముక్క ఒకటి చేస్తున్నాను. ప్లస్ 4, మైనస్ 4 లెన్సులు రెండూ ఆనించి పెడితే మొత్తం పవర్ సున్నా, అంటే దూరపు ఫోకస్. వాటిని మెల్లగా విడదీస్తూ 30 మిల్లీమీటర్ల దాకా తెస్తే సుమారు ప్లస్ అర అవుతుంది, అంటే 2 మీటర్ల దగ్గరి మనిషి. మధ్యలోని దూరాలన్నీ ఆ 30 మిల్లీమీటర్లలోనే ఉంటాయి. వంకర పోకుండా నున్నగా జరిగే మర గొట్టం ఒకటి కుదరాలి, ఇప్పటికి రెండు గొట్టాలు చేసి చూశాను, రెండూ కొంచెం ఊగుతున్నాయి. మూడోదానికి మర పొడుగు పెంచి చూస్తాను.