వెండి పూసిన అడవి

మన కాలేజీలో స్పెషల్ ఇంగ్లీషు చదివినవాళ్ళకు షేక్‌స్పియర్ నాటకం ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ అంటే సందర్భసహిత వ్యాఖ్యలే గుర్తొస్తాయి. వార్నర్ బ్రదర్స్ 1935లో దాన్ని సినిమాగా తీసిన సంగతి మన నోట్సులో ఉండేది కాదు. ఇప్పుడు నాటకం వేసే పిల్లలకు మాత్రం నోట్సు కన్నా ఆ సినిమాయే ఎక్కువ పనికొస్తుంది.

రంగస్థల దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ 1934లో హాలీవుడ్ బౌల్ అనే ఆరుబయటి రంగస్థలంలో ఈ నాటకాన్ని వేశాడు. దానికొచ్చిన పేరు చూసే స్టూడియో సినిమాకు దిగింది, అతనికి విలియం డీటర్లేను తోడు దర్శకుడిగా పెట్టింది. అడవి సెట్టు వేశారు గానీ, చెట్లు మరీ చిక్కగా ఉండి లైట్ల వెలుగు లోపలికి దూరలేదు. తర్వాత వచ్చిన కెమెరామన్ హాల్ మోర్ ముందు చెట్లు పలచన చేయించాడు. మిగిలినవాటికి అల్యూమినియం రంగు స్ప్రే చేయించి, సాలెగూళ్ళు, లోహపు రజను అద్దించాడు. నలుపు తెలుపు ఫిల్ముపై నల్లగా ముద్దకట్టే ఆకు అప్పుడు మెరిసింది. ఆస్కార్ నామినేషన్లలో మోర్ పేరే లేదు. ఓటు వేసే అకాడమీ సభ్యులే బ్యాలెట్ కాగితంపై అతని పేరు స్వయంగా రాసి అవార్డు ఇచ్చారు. అలా గెలిచినవాడు ఇప్పటికీ అతనొక్కడే.

మన స్టేజీ మీద ఇదే చేయాలంటే ఎండుకొమ్మలు తీసుకోండి. పచ్చి ఆకు రంగు పడ్డాక మర్నాటికే ముడుచుకుంటుంది. వెండి రంగు వెనక వరసకే. ముందు వరస నల్లగానే ఉండాలి. అన్నిటికీ పూస్తే లోతు పోయి, పెళ్ళిమండపంలా తయారవుతుంది! లైట్లు పక్కల నుంచి వేయండి. వెనక మెరుపు పెరిగేకొద్దీ నటుల ముఖాలు చీకటిగా కనిపిస్తాయి కాబట్టి, ముఖాలకు వేరే లైటు తప్పదు. రంగు పూర్తిగా ఆరాకే హాలోజన్ దీపాలు వెలిగించండి. తడి రంగుకు నిప్పు త్వరగా అంటుకుంటుంది.

సినిమాలో నటన విషయానికొస్తే ఎగుడుదిగుళ్ళున్నాయి. నేతగాడు బాటమ్‌గా జేమ్స్ కాగ్నీ, అల్లరి వనదేవత పక్‌గా కుర్రాడు మికీ రూనీ హుషారుగా చేశారు. షూటింగు మధ్యలో రూనీ కాలు విరిగితే డూపుతో నెట్టుకొచ్చారు. ప్రేమికుల జంటలు పద్యాన్ని వచనంలా పరిగెత్తించాయి, అక్కడ నాకు విసుగే. ఈ నాటకానికి మెండెల్‌సన్ రాసిన సంగీతాన్ని సినిమాకు కూర్చిన స్వరకర్త కోర్న్‌గోల్డ్ వల్ల ఆ లోటు కొంత తీరుతుంది.

చూసేముందు నిడివి చూసుకోండి. 117 నిమిషాలుంటే అది కోసిన ప్రింటు. పూర్తిది రెండు గంటల పది నిమిషాలు దాటుతుంది.