పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ ఆగిపోయిన కారు

మాది 2014 నాటి చిన్న పెట్రోలు కారు. ప్రతి ఆదివారం విజయవాడ నుంచి బందరుకి, అమ్మ దగ్గరికి వెళ్లి రావడానికి పదేళ్లుగా అదే ఆధారం. కిందటి నవంబరులో దానికి జబ్బు చేసింది. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి ఆగితే స్టీరింగ్ సన్నగా వణికేది. ఏసీ వేస్తే ఆ వణుకు సీట్లోకి కూడా వచ్చేది. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు ఎప్పుడూ 800 దగ్గర నిలకడగా ఉండేది, అది 600కి పడి, 950కి లేచి, మళ్లీ పడేది. ఇంకో రెండు వారాలకి బండి సిగ్నల్స్ దగ్గర దానంతటదే ఆగిపోవడం మొదలుపెట్టింది. లీటరుకి 16 కిలోమీటర్లు ఇచ్చేది కాస్తా 11కి దిగిపోయింది.

ఎవరిని అడిగినా ఒకటే మాట, పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు కదా, అందుకే అని. నేను కాగితం తీసుకుని లెక్కేశాను. ఇథనాల్లో లీటరుకి ఉండే శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. నూటికి 20 పాళ్లు కలిపితే లీటరు మీద తగ్గే శక్తి 7 శాతం చుట్టుపక్కల ఉంటుంది. మా బండి మైలేజీ 30 శాతం పడిపోయింది. అంత తేడాని ఇథనాల్ మీదకి నెట్టి ఊరుకోవడానికి మనసొప్పలేదు.

మొదట ఇంటి దగ్గర షెడ్డుకి తీసుకెళ్లాను. బండి కంప్యూటరు గుర్తించిన లోపాల కోడ్స్ చదివే స్కానర్ పెట్టి, "కోడ్స్ ఏం లేవు మేడం, ఇంజిన్ లైటు కూడా వెలగడం లేదు కదా" అన్నారు. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చి, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ క్లీన్ చేశారు. 4,800 రూపాయలు. మూడు రోజులు బాగానే నడిచి మళ్లీ మొదటికొచ్చింది. తీసేసిన పాత ప్లగ్గుల్ని మాత్రం అడిగి తెచ్చుకుని డాష్‌బోర్డు అరలో పెట్టాను. మార్చిన పార్టు ఏదైనా వెనక్కి అడిగి తెచ్చుకోమని నాన్న చెప్పేవారు, అదే అలవాటు.

రెండో చోట, ట్యాంకు నుంచి ఇంజిన్‌కి పెట్రోలు పంపే ఫ్యూయల్ పంపు పోయిందన్నారు. 11,000, లేబరు వేరే. "ప్రెషర్ చూశారా?" అని అడిగితే, చూడక్కర్లేదు, చప్పుడు వింటేనే తెలిసిపోతుందన్నారు. గేజ్ పెట్టి పది నిమిషాల్లో తేల్చగలిగే విషయానికి పదకొండు వేలు పెట్టలేక వచ్చేశాను. ఆ రోజు అలా వచ్చేయడం మంచిదైంది.

ఆ తర్వాతి ఆదివారం అమ్మని విజయవాడలో డాక్టరుకి చూపించి తిరిగి బందరు తీసుకెళ్తున్నాను. కంకిపాడులో పెట్రోలు కొట్టించాను. ఉయ్యూరు దగ్గర ముందు చెరకు ట్రాక్టర్లు వరుసగా వెళ్తున్నాయి. నెమ్మదిద్దామని యాక్సిలరేటర్ మీంచి కాలు తీశానో లేదో ఇంజిన్ ఆగిపోయింది. స్టీరింగ్ ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంది. బ్రేకు మొదటిసారి బాగానే పడింది, రెండోసారి గట్టిగా తొక్కాల్సి వచ్చింది. ఇంజిన్ ఆగినా, బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టర్లో ఒకటి రెండు తొక్కుళ్లకి సరిపడా వాక్యూమ్ మిగిలి ఉంటుందని, ఆ తర్వాత బరువంతా మన కాలి మీదే పడుతుందని అంతకుముందు చదివాను. ఆ రోజు నా కాలికి తెలిసింది. ఎలాగో పక్కకి తీసి ఆపాను. అమ్మ ఏమీ అనలేదు, నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆ రాత్రి ఒక నోట్‌బుక్ తీశాను. పార్టుల సంగతి వదిలేసి, బండి ఎప్పుడు ఆగింది, ఎక్కడ ఆగింది, అప్పటికి ఎంత దూరం నడిచింది, ఏసీ ఉందా లేదా, గుర్తున్నంత వరకు రాశాను. గుర్తులేనివి ఫోన్లో పేమెంట్ల లిస్టు చూసి పట్టుకున్నాను, అందులో బంకు టైములు ఉంటాయి కాబట్టి. ఆరు వారాల్లో పదకొండుసార్లు ఆగింది. అందులో తొమ్మిదిసార్లు పెట్రోలు కొట్టించిన అరగంట లోపే. ఆ కాగితం చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌తో స్టార్ట్ చేస్తే మాత్రం ఒక్కసారీ ఆగలేదు.

ఆ నోట్‌బుక్, పాత ప్లగ్గులు పట్టుకుని ఆటోనగర్ వెళ్లాను. తెలిసినవాళ్లు చెప్పిన ఒక పెద్దాయన షెడ్డు. ఆయన ముందు బానెట్ తెరవలేదు. కళ్లజోడు పెట్టుకుని నోట్‌బుక్ మొత్తం చదివారు. తర్వాత ప్లగ్గులు అడిగారు. నాలుగింటినీ గుడ్డ మీద వరసగా పెట్టారు. నాలుగింటికీ ఒకేలా పొడి మసి, వేలితో రాస్తే కాటుకలా అంటుకుంటోంది.

"చూడమ్మా, ఒక్కటే నల్లగా ఉంటే ఆ సిలిండరు కాయిల్ గానీ ఇంజెక్టర్ గానీ పోయిందనుకోవచ్చు. నాలుగూ నల్లబడ్డాయంటే అన్నిటికీ కలిపి ఎక్కడో పెట్రోలు ఎక్కువవుతోంది. పంపు వీకైతే ఇంత మసి పట్టదు."

అప్పుడు స్కానర్ తెచ్చి స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌కి తగిలించారు. కోడ్స్ ఆయనకీ ఏమీ రాలేదు. కానీ ఆయన లైవ్ డేటా తెరిచారు. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ వేడి 90 డిగ్రీలు, అంటే ఆ సెన్సార్ సరిగ్గానే చెబుతోంది, ఇంజిన్ చల్లగా ఉందని పొరబడి కంప్యూటరు పెట్రోలు పెంచడం లేదు. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అనే గీత దగ్గర వేలు పెట్టారు. మైనస్ 19 శాతం. ఆక్సిజన్ సెన్సార్ పొగలో పెట్రోలు ఎక్కువైందని చెబుతుంటే, కంప్యూటరు ఇంజెక్టర్ల నుంచి అంత మేరకి తగ్గించుకుంటూ వస్తోందన్నమాట. ఇంకొంచెం దాటితే లైటు వెలిగేదట. యాక్సిలరేటర్ తొక్కి 2,500లో పట్టుకోమన్నారు. ఆ అంకె మెల్లగా మైనస్ 4కి వచ్చింది. వదిలేస్తే మళ్లీ కిందకి. యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు, అంటే ఐడిల్‌లోనే ఎక్కువ, స్పీడులో దాదాపు మామూలే. లోపం పంపులో ఉంటే ఇలా మారదని ఆయన అన్నప్పుడు, రెండు నెలల్లో మొదటిసారి నాకు ఊపిరి తేలికపడింది.

"పెట్రోలు ట్యాంకు నిండాక కూడా ఇంకా పోయిస్తారా అమ్మా?"

పోయిస్తాను. ఏళ్లుగా అంతే. నాజిల్ టక్కుమని ఆగాక, రౌండ్ ఫిగర్ కోసం ఇంకో అరలీటరు, పావులీటరు. మైలేజీ పడిపోయాక లెక్క తప్పకూడదని మూతి దాకా కనిపించేలా పోయించాను.

ఇంజిన్ పక్కన ఉన్న వేలెడంత నల్లటి వాల్వు చూపించారు. పర్జ్ వాల్వు. ట్యాంకులో పుట్టే పెట్రోలు ఆవిరి గాల్లోకి పోకుండా క్యానిస్టర్ అనే బొగ్గు డబ్బా పట్టి ఉంచుతుంది. బండి వేడెక్కి నడుస్తున్నప్పుడు కంప్యూటరు ఈ వాల్వు తెరిచి, ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి లాగించి కాల్చేస్తుంది. మిగతా వేళల్లో అది మూసుకుని ఉండాలి. డబ్బా ఆవిరి కోసం చేసింది, పెట్రోలు కోసం కాదు. మూతి దాకా నింపితే పెట్రోలే అందులోకి వెళ్లి బొగ్గు తడిసిపోతుంది.

ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా వాల్వు కరెంటు వైరు ఊడదీశారు. కరెంటు లేకపోతే అది పూర్తిగా మూసుకోవాలి. క్యానిస్టర్ వైపు పైపు తీసి, వాల్వు నోటికి నా వేలు ఆనించమన్నారు. వేలిని చటుక్కున లోపలికి పీల్చింది. అదే క్షణాన ముల్లు కదిలి, 800 దగ్గరకొచ్చి నిలిచింది. నిజంగా నిలిచింది. వేలు తీస్తే వణుకు, పెడితే నిశ్శబ్దం. నాలుగైదుసార్లు అలా పెట్టి తీశాను. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది, కాబట్టి లోపలి పీల్పు అప్పుడే ఎక్కువ. ఎప్పుడూ తెరుచుకుని ఉన్న వాల్వులోంచి ఆవిరంతా ఆ సమయంలోనే దూసుకొచ్చేది. ట్యాంకు నింపిన రోజైతే మరీ.

వాల్వు విప్పి తెల్ల గుడ్డ మీద తట్టారు. ఇసక కన్నా సన్నటి నల్లటి నలుసులు రాలాయి. క్యానిస్టర్ లోపలి బొగ్గు. అది అడ్డుపడి వాల్వు మూసుకోవడం మానేసింది. అందుకే వాల్వు ఒక్కటే మారిస్తే నెలలో మళ్లీ ఇదే కథ అని, క్యానిస్టర్ కూడా మార్చాలన్నారు. పార్టు రావడానికి నాలుగు రోజులు పట్టింది. రెండూ కలిపి, లేబరుతో సహా 5,600 అయింది.

పార్టులు వేశాక వారం రోజులు నోట్‌బుక్ పక్కనే పెట్టుకుని నడిపాను. ఒక్కసారీ ఆగలేదు. ఫ్యూయల్ ట్రిమ్ మైనస్ 2, ప్లస్ 1 మధ్య ఆడుతోంది. మైలేజీ మళ్లీ 16 దాటింది.

మొన్న ఆదివారం అదే కంకిపాడు బంకులో నాజిల్ టక్కుమంది. మీటర్ మీద 1,937.

"రౌండ్ ఫిగర్ చేసెయ్యనా మేడం?"

"వద్దు బాబూ, ఆగిన చోటే ఆపెయ్."

ఉయ్యూరు దాటేటప్పుడు మళ్లీ చెరకు ట్రాక్టర్లు అడ్డొచ్చాయి. కాలు తీసి నెమ్మదించాను. ముల్లు 800 దగ్గర ఉంది. పక్క సీట్లో అమ్మ నిద్రపోతోంది.