మా బాయి మోటరు దగ్గర అర్థమైన ఫిజిక్స్

నాది నల్లగొండ జిల్లా, దేవరకొండ వైపు ఒక పల్లె. డిగ్రీ ఆర్ట్స్‌తో చేశాను. గ్రూప్స్‌కి చదవడం మొదలుపెట్టినప్పుడు జనరల్ సైన్స్‌లో ఫిజిక్స్ అంటే చాలా టెన్షన్. గైడులోని బిట్లు బట్టీ పట్టేవాడిని. ప్రశ్నను కొంచెం తిప్పి అడిగితే తప్పు పెట్టేవాడిని.

ఒక ఎండాకాలం మా బాయిలో నీళ్లు బాగా కిందికి పోయాయి. ఒడ్డు మీద మోటరు తిరుగుతోంది, నీళ్లు మాత్రం ఎక్కడం లేదు. పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వ్ పోయిందేమోనని నాయన, నేను పైపు లాగి చూశాం. బాగానే ఉంది. మెకానిక్ వచ్చి "మోటరును బాయిలోకి దించుండ్రి" అన్నాడు. దించాం, నీళ్లు వచ్చాయి.

ఆ రాత్రి పుస్తకం తెరిస్తే, వాతావరణ పీడనం 76 సెంటీమీటర్ల పాదరస స్తంభానికి సమానం అన్న వాక్యం కనబడింది. అప్పటికి పదిసార్లు చదివిందే. పాదరసం సాంద్రత నీటికి 13.6 రెట్లు. రెండూ గుణిస్తే దాదాపు 10.3 మీటర్ల నీటి స్తంభం, అంటే 34 అడుగులు. అసలు మోటరు నీళ్లను లాగదు. పైపులో పీడనం తగ్గిస్తుంది, అంతే. బాయి నీళ్ల మీదున్న గాలే వాటిని పైకి నెడుతుంది. ఆ గాలి నెట్టగలిగేది 34 అడుగులే. పైపులో రాపిడి వంటివి పోను 25 అడుగులు దాటితేనే కష్టం. ఎంత హార్స్‌పవర్ మోటరు పెట్టినా ఇంతే. బోరు మోటరును నీళ్లలో ముంచి ఎందుకు దించుతారో కూడా అప్పుడే తెలిసింది. కింద నుంచి నెట్టడానికి ఈ హద్దు లేదు.

నాగార్జునసాగర్ చాలాసార్లు చూశాను. ఆ తర్వాత చూసినప్పుడు మాత్రం ఆనకట్ట కింద ఎందుకంత వెడల్పో ఆలోచించాను. నీటి పీడనం లోతును బట్టి పెరుగుతుంది, ప్రతి 10 మీటర్లకు దాదాపు ఒక వాతావరణ పీడనం చొప్పున. ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు. లెక్క మీరే వేయండి.

కుండలో నీళ్లు చల్లబడటం, బస్సు బ్రేకు వేస్తే ముందుకు తూలడం లాంటి ఉదాహరణలు మీ అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నాను. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. కంటికి కనిపించేది కొన్నిసార్లు తప్పుదారి పట్టిస్తుంది. చలికాలం పొద్దున ఇనుప కడ్డీ చల్లగా, పక్కనున్న కట్టె మామూలుగా అనిపిస్తాయి. రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే. ఇనుము మన చేతి వేడిని త్వరగా లాగేస్తుంది. అందుకే చూసిన ప్రతిదాన్నీ స్కూలు పాఠ్యపుస్తకంతో సరిచూసుకోండి, ప్రమాణాలు (యూనిట్లు) విడిగా రాసుకోండి. వాటికి దగ్గరిదారి లేదు.

మా అవ్వ గొంగడి వేడినిస్తుందని నేనూ చాలాకాలం నమ్మాను. ఒకరోజు దుకాణం నుంచి రెండు ఐసు ముక్కలు తెచ్చి, ఒకటి గొంగట్లో చుట్టాను, ఒకటి గిన్నెలో పెట్టాను. గిన్నెలోది కరిగిపోయింది. గొంగడి విప్పితే లోపల ముక్క ఇంకా సగానికి పైగా ఉంది.